ఒళ్లో ఒకరు, కుర్చీలో ఒకరు

పిల్లల సామాన్ల దుకాణంలో ముసలాయనకి మాట్లాడడం తక్కువ, చేసి చూపించడం ఎక్కువ. కోడలు విమానంలో చంటిపిల్లల్ని కట్టి కూర్చోబెట్టే కుర్చీని ఎత్తి చూసి, తట్టి చూసి, "ఇంత బరువుంది, విమానందాకా ఎవరు మోస్తారండీ? ఒళ్లో పెట్టుకుంటే చాలదా?" అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి, తాను లెక్కలు చూసుకునేటప్పుడు కూర్చునే చక్రాల కుర్చీని తోసుకొచ్చాడు. దాని మీద బట్టలుతికే సబ్బుపొడి సంచులు రెండున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"కూర్చోండమ్మా," అని చిన్న సంచి ఆమె ఒళ్లో పెట్టాడు. "బిడ్డనుకోండి. ఎంత గట్టిగా పట్టుకుంటారో పట్టుకోండి."

వరసల మధ్య సందులో ఆమెని కాస్త వేగంగా తోసి, చటుక్కున చక్రానికి కాలడ్డం పెట్టాడు. సంచి మోకాళ్ల మీదికి జారింది. దాని చెవి ఒకటి ఆమె వేళ్లకి దొరికింది కాబట్టి కింద పడలేదు. రెండోసారి పెద్ద సంచి పెట్టాడు. ఈసారి ఆమె ముందే పళ్లు బిగించి, రెండు చేతులూ మెలేసి కూర్చుంది. అయినా సంచి చేతుల్లోంచి బయటికి దూకి, ఎదురుగా పేర్చిన పాలసీసాల డబ్బాల్లోకి వెళ్లి పడింది. డబ్బాలన్నీ కూలాయి.

ముసలాయన వంగి డబ్బాలు ఏరుకుంటూ అన్నాడు. "ఇది నేను నడిచే నడకమ్మా. విమానం సంగతి మీరే ఊహించుకోండి. చేతులు ముద్దు చేయడానికి. బరువు ఆపడానికి కాదు."

"మరి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చని విమానంవాళ్లే అంటున్నారుగా?"

"వద్దనలేదు. వద్దనకపోవడం వేరు, మంచిదనడం వేరు."

కోడలు ఆయనతో పాటు వంగి డబ్బాలు ఏరింది. ఆ పెద్ద సంచి ఇంట్లో ఉన్న మగపిల్లాడంత ఉంటుంది. చిన్నది ఆడపిల్లంత. ఇద్దరూ కవలలే, ఏడాది దాటింది, కానీ తల్లి కడుపులోనే వాడు దాని వాటా కూడా తిన్నాడని చూసినవాళ్లంతా అనేవాళ్లు. వాణ్ణి బండోడనీ, దాన్ని పిచ్చుకనీ పిలుస్తారు. ఏ సంచి ఎవరో ఆమె మనసుకి తోచింది. తోచిన ఆ సంగతిని ఆమె పక్కన పెట్టేసింది.

కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్షించడం ఆమె పని. అదే పని మీద ఇప్పుడు వేరే దేశంలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు చూసి పెట్టడానికి భర్త ముందు వెళ్లాడు. వెనక ఆమె, అత్తగారు, పిల్లలిద్దరూ వెళ్లాలి. చెరొకరిని ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చనే అనుకున్నారు. ఇంతలో అత్తగారు స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ ఆ చేత్తో బిడ్డని ఎత్తకూడదన్నాడు డాక్టరు. కోడలు విమానంవాళ్లకి ఫోన్ చేసి, పిల్లలకి కూడా రెండు సీట్లు కావాలంది. బడి సెలవులు కదా, అంతా నిండిపోయింది, మీ పక్కన ఒక్కటే మిగిలింది అన్నారు. ఉద్యోగంలో చేరే తేదీ ముందుకూ వెనక్కూ జరిగేది కాదు.

అలా ఒక బిడ్డకి కుర్చీ, ఒక బిడ్డకి ఒడి ఖాయమయ్యాయి. ఎవరికి ఏది అన్నది మాత్రం మిగిలింది.

కుర్చీ ఇంటికి రాగానే అత్తగారు దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి చూసింది. భుజాల మీంచి రెండు పట్టీలు, నడుముకి రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి, అన్నీ వచ్చి పొట్ట మీద ఒక ఎర్రబొత్తాం దగ్గర కలుస్తాయి.

"ఇదేంటే అమ్మాయ్, పిల్లల్ని తీసుకెళ్తున్నామా, దొంగల్నా?" అంది.

కోడలు దాన్ని సోఫా మీద పెట్టి, కదలకుండా తాడుతో బిగించి, మొదట బండోణ్ణే తెచ్చి కూర్చోబెట్టింది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఆమెకి న్యాయం చేయాలంటే. వాణ్ణే మొదట కూర్చోబెట్టింది. బొత్తాం టక్కుమనగానే వాడు వీపు విల్లులా వంచి, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని ఒక్క కేక పెట్టాడు. అత్తగారు వంటగదిలోంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

"చంపేస్తావా ఏంటి వాణ్ణి? తియ్యి, తియ్యి. మగపిల్లాడు, కట్టేస్తే ఉంటాడా? పది గంటలు వాడు గుక్కపెట్టి ఏడిస్తే చూస్తూ కూర్చుంటావా? వాడు నీ ఒళ్లో ఉంటాడు." బాగున్న చేత్తోనే వాడి తల నిమురుతూ, ఇంకో వైపు చూసింది. "దాన్ని కూర్చోబెట్టు అందులో. ఆడపిల్ల, అదే సర్దుకుపోతుంది. మనందరం సర్దుకుపోలేదూ?"

పిచ్చుకని కూర్చోబెట్టారు. అది బొత్తాన్ని పరీక్షగా చూసింది, పట్టీ అంచు నోట్లో పెట్టుకుని రుచి చూసింది, తర్వాత ఇద్దరి వంకా చూసి కాళ్లు ఊపింది.

"చూశావా?" అంది అత్తగారు.

కోడలికి అప్పుడు నోరు తెరవాలని ఉంది. దుకాణంలో ఎగిరిపడిన సంచి గురించి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట వెనక ఏడాది పాటు చూసినవన్నీ అడ్డం నిలబడ్డాయి. వేడినీళ్లలో ముందు వాడికి స్నానం, తర్వాత చల్లారిన నీళ్లలో దానికి. ముందు వాడి నోటికి ముద్ద, వాడు తల తిప్పితే ఆ ముద్ద దీనికి. జ్వరం ఇద్దరికీ వచ్చినా డాక్టరు ముందు కూర్చునేది వాడే. అత్తగారు చెడ్డమనిషి కాదు. పిచ్చుకకి జోలపాడేదీ ఆవిడే, దాని జుట్టు చిక్కుతీసేదీ ఆవిడే. ఎవరైనా అడిగితే, నాకు ఇద్దరూ రెండు కళ్లు అంటుంది. రెండు కళ్లలో చూపు ఒకేలా ఉండదని కళ్లు పరీక్షించేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్నాళ్లకి మంచి వాటా పిచ్చుకకి వచ్చింది. అదీ పంచేవాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఇదే. ఇప్పుడు నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

"మీ ఇష్టం అత్తయ్యా," అంది. అని, ఒక నిట్టూర్పు కూడా విడిచింది. ఆ నిట్టూర్పు అవసరం లేదు, అయినా విడిచింది.

ప్రయాణం దాకా రోజూ మధ్యాహ్నం పిచ్చుకకి కుర్చీ అలవాటు చేశారు. అత్తగారు ఎదురుగా చాప వేసుకుని కూర్చుని, చెంచాతో గిన్నె వాయించి ఆడించేది. పట్టీ మెడకి ఒరుసుకుపోతుందని పాత మెత్తటి గుడ్డ మడిచి కింద దూర్చేది. పట్టీ ఒంటికి అంటుకుని ఉండాలి, మధ్యలో ఏమీ ఉండకూడదని ముసలాయన చెప్పాడు. అందుకని అత్తగారు అటు వెళ్లగానే కోడలు ఆ గుడ్డ లాగేసేది. మర్నాడు ఆవిడ మళ్లీ దూర్చేది. ఒకసారి గుడ్డ దూరుస్తూ ఆవిడ పిల్లతో, "ఏం చెయ్యనే తల్లీ, నీ రాత అలా ఉంది," అనడం కోడలు పక్కగదిలోంచి విన్నది. విని, పెట్టెలో బట్టలు సర్దుకుంది.

భర్త ఫోన్లో నవ్వాడు. "ఎవరు ఎక్కడ కూర్చోవాలో మీ ఇద్దరికీ మాట కలిసిందట? అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. మార్చకు, దారిలో గొడవలొద్దు."

"నేనెందుకు మారుస్తాను?" అంది కోడలు.

విమానం పొద్దున్నే. జనం ఇంకా ఎక్కకముందే చంటిపిల్లలవాళ్లని లోపలికి పంపారు. కుర్చీ కిటికీ పక్కనే ఉండాలట, మిగతావాళ్ల దారికి అడ్డం రాకూడదట. కోడలు మోకాలితో కుర్చీని అదిమి, సీటుబెల్టుని దాని వీపు వెనక సందులోంచి దూర్చి, అవతల బయటికి లాగి బిగించింది. వేళ్ల కణుపులు గీరుకుపోయాయి. పిచ్చుకని కూర్చోబెట్టి అయిదు పట్టీలూ కలిపి టక్కుమనిపించింది. తాను మధ్య సీట్లో బండోణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ చివర దారి పక్కన అత్తగారు, ఒళ్లో తినుబండారాల సంచి.

విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటే అమ్మాయి కాదు, జుట్టు నున్నగా ముడేసుకున్న నడివయసు మనిషి. కుర్చీ పక్కన అతికించిన చీటీ చదివింది. కుర్చీని రెండు చేతులతో అటూ ఇటూ కుదిపి చూసింది. అది కదల్లేదు. తర్వాత జేబులోంచి చిన్న బెల్టు తీసి, దాని కొసని కోడలి బెల్టుకి తగిలించి, బండోడి పొట్ట చుట్టూ తిప్పి పెట్టింది.

"ఇది ఉంటే వీడికేం భయం లేదుగా?" అడిగింది అత్తగారు.

"కొంతవరకు ఆపుతుందండీ, మొత్తం కాదు. కుర్చీకీ దీనికీ పోలికే లేదు." ఆవిడ పిచ్చుక బుగ్గ మీద వేలితో తట్టింది. "ఈ విమానంలో మీకంటే నాకంటే భద్రంగా కూర్చున్నది ఈ బుజ్జిదే. అమ్మ బాగా ఆలోచించింది."

ఆవిడ వెళ్లిపోయింది. అత్తగారు తినుబండారాల సంచి మూతి ముడేసింది, విప్పింది, మళ్లీ ముడేసింది.

"అయితే వీణ్ణి అందులో కూర్చోబెట్టు," అంది.

"ఏడుస్తాడు అత్తయ్యా."

"ఏడిస్తే ఏడవనీ."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. 'మగపిల్లాడు, కట్టేస్తే ఉంటాడా' అన్న ఆ మాటలన్నీ ఏమైపోయాయో. కోడలికి ఒళ్లు మండింది. ఆ మంటలో, చూశారా, నేననుకున్నదే అయింది అన్న తృప్తి కూడా ఉంది.

"విమానం కదులుతోంది. ఇప్పుడు బెల్టు విప్పకూడదు," అంది, కిటికీ వైపు చూస్తూ.

పైకి వెళ్లి నిలకడగా సాగాక అత్తగారు మళ్లీ, "ఇప్పుడో?" అంది. అప్పటికి పిచ్చుక మెడ వాల్చి నిద్రపోతోంది. దాన్ని లేపితే ఇద్దరూ ఏడుస్తారంది కోడలు. భోజనాలు వచ్చాయి, వెళ్లాయి. టీలు వచ్చాయి.

టీ తాగి కప్పులు ఇచ్చేసిన కాసేపటికి విమానం మెట్టు తప్పినట్టు కిందికి దిగిపోయింది.

కోడలికి ముందు తెలిసింది తన ఒడి ఖాళీ అయిందని. వాడున్నాడు, కానీ బరువు లేదు. వాడు పైకి లేచాడు. పొట్ట చుట్టూ ఉన్న చిన్న బెల్టు వాణ్ణి నడుం దగ్గర మడిచి ఆపితే, తల వచ్చి ఆమె గడ్డానికి కొట్టుకుంది. చేతులు రెండూ చుట్టే ఉన్నాయి. పళ్లు బిగించి మరీ చుట్టింది. అయినా వాడు ఆ చేతుల్లోంచి చేపపిల్లలా జారుతున్నాడు, చొక్కా పిడికిట్లో మిగులుతోంది. ఎక్కడో గాజుసామాను పడింది. ఎవరో దేవుణ్ణి పిలిచారు. విమానం ఇంకోసారి దిగి, తర్వాత గట్టిగా కుదుపుతూ నిలదొక్కుకుంది.

అంతా కలిపి ఒక ఊపిరి పీల్చి వదిలినంతసేపే. ఆమె పెదవి చిట్లి రక్తం వస్తోంది. బండోడికి ఏడవడానికి కూడా ఊపిరి అందక నోరు తెరిచి అలాగే ఉన్నాడు. చివరికి ఏడ్చాడు. చొక్కా ఎత్తి చూస్తే పొట్ట మీద అడ్డంగా ఎర్రటి వాత. జుట్టుముడి ఆవిడ కుర్చీలు పట్టుకుంటూ వచ్చి, పొట్ట నొక్కి చూసి, కాళ్లు ఆడించి చూసి, ఏం కాలేదులెండి అంది. ఆవిడ మొహం కూడా పాలిపోయి ఉంది.

కిటికీ పక్కన కుర్చీ అంగుళం కదల్లేదు. పిచ్చుక ఒకసారి కళ్లు తెరిచి, అన్న ఏడుపు విని, బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

కోడలు ఆ తర్వాత ఎటూ చూడలేదు. దిగేదాకా వాడి వీపు నిమురుతూనే కూర్చుంది. సబ్బుపొడి సంచి పాలసీసాల మీద పడిన చప్పుడు ఆమె చెవిలోంచి పోలేదు.

దారిలో దిగి మారాల్సిన రెండో విమానానికి ఇంకా వ్యవధి ఉంది. పెద్ద హాల్లో, ఎండ పడుతున్న అద్దాల గోడ పక్కన, నాలుగు కుర్చీలు దొరికాయి. అత్తగారు పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని ఎడంచేత్తో ముద్దలు పెడుతోంది. ఈసారి ముందు దానికే పెడుతోంది, బండోడు నిద్రపోయాడు కాబట్టి. పిచ్చుక తినేసి, ఖాళీ చెంచా పట్టుకుని తనే నాయనమ్మ నోటికి పెట్టబోయింది.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది అత్తగారు, పిల్ల మూతి తుడుస్తూ.

కోడలు బండోడి జుట్టు సర్దింది.

"కుర్చీ కొన్న రోజే తెలుసు. లేకపోతే విమానంలో ఆవిడ నిన్ను మెచ్చుకుంటుంటే ఉలిక్కిపడేదానివి. నువ్వు పడలేదు."

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేవాళ్లు అత్తయ్యా? వాణ్ణి కూర్చోబెట్టమనేవాళ్లు. పొద్దున అన్నారుగా. ఏడిస్తే ఏడవనీ అన్నారుగా." గొంతు పెరుగుతోందని తెలిసి తగ్గించుకుంది. "ఎప్పుడూ మంచిదంతా వాడికే. ఒక్కసారి దానికి వస్తే రానిచ్చాను. అంతే."

ఇన్నాళ్లూ లోపల దాచుకున్న మాట. బయటికొస్తే ఊరట కలుగుతుందనుకుంది. అత్తగారు కోప్పడుతుందనీ, లేదంటే ఏడుస్తుందనీ అనుకుంది. ఆవిడ రెండూ చేయలేదు. గిన్నెకి మూత పెట్టి, నెమ్మదిగా అంది.

"నిజమే. వాడి మీద నాకు ప్రేమెక్కువ. కాదంటే నా నోరు పడిపోతుంది. నాది వంకరబుద్ధే అనుకో. కానీ ఒకటి చెప్పు. దాన్ని ఆ కుర్చీకి కట్టిన ప్రతిసారీ నేను పాపం అనుకుంటూనే కట్టాను. దానికి అన్యాయం చేస్తున్నానని నాకు తెలుసు. నువ్వు మొహం ముడుచుకుని తిరుగుతుంటే, కూతురి మీద జాలి కాబోలనుకుని నీ వంక చూడలేకపోయాను. తీరా చూస్తే నీకా జాలే లేదు. వాణ్ణి ఒళ్లో పెట్టుకున్నది తల్లివి నువ్వు. ఎగిరి పడితే పడేది వాడని తెలిసిన మనిషివి నువ్వు."

"అత్తయ్యా..."

"నేను తెలీక చేశాను, అమ్మాయ్. నువ్వు తెలిసి చేశావు."

కోడలు నిద్రపోతున్న కొడుకు వంక చూసింది. చొక్కా కాస్త పైకి పోయి పొట్ట మీది వాత కనిపిస్తోంది, అంచులు నీలం తిరుగుతున్నాయి. రోజంతా మనుషుల కళ్లకి అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇది నయమా, ఇది నయమా అని అడిగే మనిషి తాను. కుర్చీ ఏ బిడ్డకి నయం అన్నది మాత్రం తనని తాను ఒక్కసారీ అడగలేదు. పెద్ద సంచి ఎగిరింది, చిన్నది చేతికి దొరికింది. కుర్చీ ఎవరికి కావాలో దుకాణంలోనే తేలిపోయింది. ఆడా మగా అన్న మాటే అక్కడ లేదు. ఆ మాట తెచ్చింది అత్తగారు ఒక్కతే కాదు. అత్తగారి మీద పంతానికి తాను పిల్లవాడి పొట్టని పందెం కాసింది. సిగ్గుతో చెవులు కాలాయి. వాడి చొక్కా కిందికి లాగి, చెయ్యి అక్కడే ఉంచింది.

పిచ్చుక చెంచాతో కుర్చీ చెయ్యి వాయిస్తూ కూర్చుంది. తర్వాత కోడలు లేచి, అక్కడున్న బల్ల దగ్గరికి వెళ్లి, రెండో విమానంలో ఇంకో సీటేమైనా ఖాళీ అయిందా అని అడిగింది. లేదన్నారు. అయినా కుర్చీ ఒకటే కదా అని వెనక్కి వస్తూ గుర్తుచేసుకుంది. టికెట్లు రేపటికి మార్చుకుందామా అని కూడా అత్తగారిని అడిగింది. రేపు పొద్దున్నే నువ్వు ఉద్యోగంలో చేరాలి కదే అంది ఆవిడ.

రెండో విమానం ఎక్కారు. మళ్లీ కిటికీ, మళ్లీ మోకాలు, మళ్లీ బెల్టు వీపు వెనక నుంచి. ఖాళీ కుర్చీని చూడగానే పిచ్చుక చేతులు చాచింది, అది దాని చోటు. కోడలు దాన్ని అత్తగారి పక్కన సీట్లో నిలబెట్టి, బండోణ్ణి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. భుజాల పట్టీలు పిచ్చుక కొలతకి ఉన్నాయి. వాటిని పైమెట్టుకి మార్చి, వదులు చేసి, మళ్లీ బిగించింది. బొత్తాం పడగానే వాడు వీపు విల్లులా వంచి కేక పెట్టాడు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఏడవనీ," అంది ఈసారి కోడలు. తర్వాత, అత్తగారి వైపు తిరిగి, దాచకుండా చెప్పింది. "వీడు బరువు అత్తయ్యా. నా చేతులు వీణ్ణి ఆపలేవు. దుకాణంలో చేసి చూపించారు, నా కళ్లతో చూశాను. మొదట్నుంచీ ఇందులో కూర్చోవాల్సింది వీడే. వీడు మగపిల్లాడని కాదు."

అత్తగారు తల ఊపింది. ఆవిడ కోరుకున్నదే జరిగింది. రోగి కోరిందీ అదే, వైద్యుడు చెప్పిందీ అదే. ఆవిడ మొహంలో మాత్రం సంతోషం లేదు.

ఈ విమానంలో చిన్న బెల్టు తెచ్చినది నిజంగానే చిన్న అమ్మాయి, ఉద్యోగంలో కొత్త. పిచ్చుక పొట్ట చుట్టూ తిప్పి పెడితే బెల్టు ఇంకా మిగిలింది. బిగించి, బిగించి, ఇంక బిగియదండీ అంది. పిచ్చుక కుర్చీ వైపు చేతులు చాచడం మానలేదు. ఏడవలేదు. కాసేపు చూసి, చేతులు దించేసి, తల్లి గుండెకి ఆనుకుని కూర్చుంది. సర్దుకుపోయింది.

అత్తగారు అది చూసింది. ఏడాదిగా ఎన్నిసార్లు చూసి ఉంటుందో, ఎన్నిసార్లు మెచ్చుకుని ఉంటుందో. ఈసారి చూసి చూపు తిప్పుకోలేకపోయింది. పట్టీల్లో గింజుకుంటున్న మనవడి వంకా చూసింది, పట్టీలు సడలడం లేదు, కుర్చీ కదలడం లేదు. మళ్లీ ఒళ్లో ఉన్నదాని వంక చూసింది. ఆవిడ పెదవులు ఏదో మాట కోసం వెతుక్కున్నాయి.

"మరి దీన్ని?" అంది.

విమానం వెనక్కి కదలడం మొదలుపెట్టింది. కోడలు పిల్ల పక్కటెముకలు వేళ్లకి తగిలేలా రెండు చేతులూ చుట్టి, "పట్టుకుంటాను అత్తయ్యా," అంది.

అత్తగారు ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది.